పోపు పెట్టిన జాడీ

మొన్న మా అక్క కూతురు ఫోన్ చేసి, “పిన్నీ, కొరియా వాళ్ళ కారం ముద్ద ఉంటుంది చూడు, ఎర్ర డబ్బాలో వస్తుంది, గోచుజాంగ్ అని. అది అయిపోయింది. దానికి బదులు మన ఇంట్లో ఉండేవాటిల్లో ఏం వేసుకోవచ్చు?” అని అడిగింది. గుంటూరు పిన్ని కాబట్టి కారం గురించి ఏదడిగినా చెబుతుందని దాని ధీమా. “నాకేం తెలుసే, అవన్నీ మీ కాలం వంటలు” అని పెట్టేశాను. పచ్చి అబద్ధం. ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలిసినంతగా మా చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. ఒక చలికాలమంతా నేను పెట్టుకున్న పని అదే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మా ఇల్లు నల్లపాడులో, పెరటి వసారాలో కూర్చుంటే రైలు కట్ట కనిపించేంత దగ్గరలో ఉండేది. మా ఆయన ఒక నూలు మిల్లులో మేనేజరు. ఆ మిల్లుకి కొత్త యంత్రాలు కొరియా నుంచి వచ్చాయి. వాటిని బిగించి మనవాళ్ళకి నేర్పి వెళ్ళడానికి అక్కడి నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు, భార్యనీ ఐదేళ్ళ కూతురినీ వెంటబెట్టుకుని. గెస్ట్‌హౌస్‌లో చిన్నపిల్లతో ఇబ్బందిగా ఉందంటే మా ఆయన మా మేడ మీద వాటా ఇచ్చారు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగినా సరే అనేదాన్ని, అది వేరే సంగతి.

అప్పటికి మా అబ్బాయి ఇంటర్‌లో చేరి విజయవాడ అవతల హాస్టల్లో ఉన్నాడు. నెలకి ఒక్క ఆదివారం చూడనిచ్చేవాళ్ళు. పదిహేనేళ్ళు లేచింది మొదలు వాడి పొట్ట చుట్టూ తిరిగినదాన్ని, ఒక్కసారిగా ఖాళీ అయిపోయాను. ఇంట్లో మిగిలింది ఆయన, మా అత్తయ్య. ఆయన ఏం పెట్టినా మాట్లాడకుండా తింటారు. అత్తయ్య ఏం పెట్టినా వంక పెడతారు. ఈ ఇద్దరికీ వండడంలో నాకు సరదా ఏముంటుంది? పైగా నా వంట విషయంలో నాకు కాస్త పొగరు. నా చేతి వంట వద్దని పక్కకి నెట్టే మనిషిని చూస్తే ఒళ్ళు మండుతుంది.

మేడ మీది బుజ్జిది అలా నెట్టేసే రకమే. నుదుటి మీదికి సమంగా కత్తిరించిన జుట్టు, గుండ్రటి మొహం, వచ్చిన వారం రోజులూ కోల్డ్ స్టోరేజీల నుంచి వచ్చే మిర్చి ఘాటుకి తుమ్ముతూనే ఉంది. వచ్చిన రోజు నేను పులిహోర పంపితే ఒక్క మెతుకు కూడా ముట్టుకోకుండా గిన్నె తిరిగొచ్చింది. తర్వాత తెలిసింది, ఆ పిల్ల తినేది ఒక్కటే. అన్నంలో ఎర్రటి ముద్ద ఒకటి కలిపి పెడితే తింటుంది, లేకపోతే లేదు. ఆ ముద్ద అక్కడ వాళ్ళ అమ్మమ్మ చేసి ఇచ్చింది. తల్లి దాన్ని నాలుగు డబ్బాల్లో పెట్టుకుని దేశం దాటించింది. నేనొకసారి వేలితో రుచి చూశాను. ముందు తీపి, వెనక ఉప్పు, ఆ తర్వాత నింపాదిగా కారం, అన్నిటి అడుగున ఏదో పాత వాసన. మన కారంలా నెత్తికెక్కదు.

కార్తీకం వెళ్ళేసరికి నాలుగో డబ్బాకి వచ్చారు. మద్రాసులో దొరుకుతుందని ఎవరో చెబితే ఇంజనీరు వెళ్ళి రెండు డబ్బాలు తెచ్చాడు. బుజ్జిది నాలుకతో తాకి, డబ్బా మూత తనే పెట్టేసి, తల్లి చేతికి ఇచ్చేసిందట. అమ్మమ్మది కాదుగా మరి. ఆ వారం నుంచి పిల్ల పాలు తాగి బతికింది. గౌనులోంచి ఆ చిన్న భుజాల ఎముకలు బయటికి కనిపించేవి.

ఆ తల్లికీ నాకూ మధ్య ఉన్న భాష మొత్తం కలిపితే ఒక ముప్ఫై మాటలు. కొన్ని ఇంగ్లీషువి, కొన్ని తెలుగువి, మిగతాది చేతులతో. నన్ను అక్కా అనేది. ఒకరోజు ఖాళీ డబ్బా పట్టుకుని కిందికి వచ్చి, అడుగున అంటుకున్నది చూపించి, “అక్కా, నో మోర్” అంది. అంత వరకే అంది. నేను డబ్బా తీసుకుని వాసన చూసి, “నేను చేస్తాను, ఉండు” అన్నాను. కారం విషయంలో గుంటూరు ఆడదానికి సాయం అడగడం అంటే ఏమిటో ఆ అమ్మాయికి తెలియదు పాపం.

మొదటి ప్రయత్నం మా ఇంట్లో అప్పుడే పట్టిన పండుమిర్చి పచ్చడి. చింతపండు తగ్గించి, ఇంత బెల్లం కలిపి పైకి పట్టుకెళ్ళాను. బుజ్జిదానికి కళ్ళమ్మట నీళ్ళు, ముక్కమ్మట నీళ్ళు, ఏడుపు రైలు కట్ట దాకా వినపడింది. పిట్టగోడ అవతల పక్కింటావిడ తొంగి చూసింది. సిగ్గేసింది నాకు. అప్పుడు ఎండుమిర్చి చీల్చి గింజలూ ఈనెలూ అన్నీ తీసేసి, తోలు మాత్రం నానబెట్టి రుబ్బాను. కారం దిగింది గానీ ముద్దలో ప్రాణం లేదు. వేయించిన సెనగపప్పు పొడి వేస్తే ఇడ్లీ కారం వాసన వచ్చింది. ఖర్జూరం వేస్తే మా ఆయన రొట్టెకి రాసుకుని బాగుందన్నారు, బుజ్జిది అనలేదు.

అత్తయ్యకి ఇదంతా వినోదం. “కన్నకొడుకు హాస్టల్లో నీళ్ళ సాంబారు తింటుంటే అడిగే దిక్కు లేదు, ఈ పిల్ల కోసం రోలు అరగదీస్తున్నావేందమ్మాయ్?” అన్నారొకసారి. ఆవిడ నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా వాడు ఆ నెల ఆదివారం, “అమ్మా, అక్కడి కూర నోట్లో పెట్టుకోలేకపోతున్నానే” అంటే, “సర్దుకోవాలిరా, అందరూ తినట్లా?” అని ఒక ఆవకాయ సీసా చేతిలో పెట్టి వచ్చినదాన్ని నేను. ఆ మాట నేనే అన్నానని ఇప్పటికీ గుర్తొస్తే ఎక్కడ మొహం పెట్టుకోవాలో తెలియదు.

చివరికి పట్టు ఇడ్లీపిండి దగ్గర దొరికింది. ఆ ముద్ద అడుగున ఉన్న పాత వాసన పులుపుది కాదు, పులిసినదానిది అని ఒకరోజు ఉన్నట్టుండి తట్టింది. గింజలు తీసిన మిర్చి ముద్దలో బియ్యం జావ, బెల్లం, ఉప్పు, పులిసిన ఇడ్లీపిండి రెండు గరిటెలు కలిపి, పొయ్యి పక్కన వెచ్చగా మూడు రోజులు ఉంచాను. పైన నాలుగు చుక్కలు నువ్వుల నూనె. వేడి అన్నంలో కలిపి వసారా మెట్ల మీద బుజ్జిదాన్ని కూర్చోబెట్టాను. అదే సమయానికి గూడ్సు బండి వచ్చింది. పిల్ల నోరు తెరుచుకుని బండిని చూస్తుంటే ముద్ద పెట్టేశాను. నమిలింది. నా వంక చూసింది. ఇంకో పెట్టె వెళ్ళింది, ఇంకో ముద్ద పెట్టాను. అలా పదకొండు ముద్దలు తిన్నది. తల్లి మెట్ల పైన నిలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది.

తర్వాత ఆమె కూడా రుచి చూసి, “నాట్ సేమ్. బట్ గుడ్” అంది. నాట్ సేమ్ అన్నది నాకు వినపడనే లేదు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి బుజ్జిది కిందికి దిగి వచ్చేది. గూడ్సు పెట్టెకి ఒక ముద్ద. ఒకటి, రెండు, మూడు అని తెలుగులో లెక్కపెట్టడం నేర్చుకుంది. పదిహేను దాటాక తప్పేది, నేను సరిదిద్దేదాన్ని కాదు, తప్పితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేది కాబట్టి. “పెద్దమ్మా” అని పిలవడం అత్తయ్య నేర్పారు. ముద్ద పెట్టేటప్పుడు నా చెయ్యి మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకునేది. మా అబ్బాయి కూడా చిన్నప్పుడు సరిగ్గా అక్కడే పట్టుకునేవాడు. సంతోషం అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ఆ రెండు మూడు నెలలు చూపిస్తాను.

కానీ ఆ తల్లి చేతులు కట్టుకుని కూర్చునే మనిషి కాదు. ఇక్కడికి బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మ ఒక పొట్లం ఇచ్చిందట, ఉడికించి నెలల తరబడి పులియబెట్టి ఎండబెట్టిన సోయాగింజల పొడి. అదుంటే అసలు ముద్ద ఇంట్లోనే చేసుకోవచ్చు. ఉన్నది ఒక్కటే పొట్లం. కొత్త మిర్చి వచ్చేదాకా ఆగి, కల్లాల మీద కాయ ఎండగానే నా దగ్గరికి వచ్చింది. పిడుగురాళ్ల దగ్గర మా పుట్టింటి నుంచి అన్నయ్య పంపిన కాయలున్నాయి. ఇద్దరం మేడ మీద కూర్చుని రెండు రోజులు తొడిమలు తీసి, కాయ చీల్చి, గింజలు దులిపాం. చేతులకి నూనె రాసుకోమంటే వినలేదు. సాయంత్రానికి వేళ్ళు మండిపోతుంటే మజ్జిగ గిన్నెలో రెండు చేతులూ ముంచుకుని కూర్చుని నవ్వింది.

వాళ్ళ దేశంలో బార్లీ మొలకలు వేస్తారట. ఇక్కడవి దొరక్క నేను రాగులు మొలకెత్తించి పొడి కొట్టించాను. జిగురు బియ్యానికి బదులు కొత్త బియ్యం వండి జావ కాచి, తీపికి బెల్లప్పాకం పట్టాం. కొత్త బియ్యం ఎలాగూ ముద్దవుతుంది. మిగతావన్నీ అలా ఏదో ఒకటి సర్దాం గానీ, ఆ పొట్లంలోని పొడికి మాత్రం బదులు లేదు. దాన్ని చేత్తో కూడా ముట్టుకోకుండా కాగితం మడతల్లోంచి నేరుగా ఒంపింది. అంతా కలిపాక పెట్టడానికి అత్తయ్య తన పెద్ద జాడీ ఇచ్చారు. ఆవిడ ఆ జాడీని నాకే పదేళ్ళ దాకా ముట్టనివ్వలేదు. ఆ అమ్మాయి జాడీ మెడకి తాడు చుట్టి రెండు ఎండుమిరపకాయలూ ఒక బొగ్గుముక్కా కట్టింది. అత్తయ్య సంబరపడిపోయి, “వీళ్ళకీ దిష్టి పట్టింపు ఉందే!” అన్నారు.

జాడీ మేడ మీద పిట్టగోడ పక్కన కూర్చుంది. పగలు మూత తీసి పల్చటి గుడ్డ వాసెన కట్టాలి, ఎండ తగలాలి, పొద్దు వాలేసరికి మూత పెట్టాలి. వారానికి ఒకసారి బుజ్జిదాని వేలు ముంచి నోట్లో పెట్టేవాళ్ళు. అది కళ్ళు మూసుకుని చప్పరించి, పెద్ద మనిషిలా, “ఇంకా” అనేది. ఇంకా కాలేదని. ఆ మాట నా దగ్గరే నేర్చుకుంది. అందరం నవ్వేవాళ్ళం. అది మాత్రం నవ్వేది కాదు. దానికి అది ఆట కాదు. జాడీలో ఉన్నది అమ్మమ్మది అని దానికి తెలుసు.

ఒకరోజు తల్లి జాడీ మూత పెడుతూ నా చెయ్యి పట్టుకుని, “వన్ మంత్, అక్కా. దెన్ యూ రెస్ట్” అంది. ఇంకొక నెల, తర్వాత మీకు ఈ శ్రమ ఉండదు అని. కృతజ్ఞతతోనే అంది. నా మనసు మాత్రం చివుక్కుమంది. రెస్టట. ఎవరడిగారు?

ఉగాది వెళ్ళిన వారం వాళ్ళు ముగ్గురూ వీసా పని మీద హైదరాబాదు వెళ్ళాల్సి వచ్చింది. పది రోజులు. వెళ్ళేముందు ఆమె జాడీ నాకు అప్పగించింది. మూత ఎప్పుడు తీయాలో, ఎప్పుడు పెట్టాలో చేతులతో చూపించింది. సూర్యుణ్ణి చూపించి తీసినట్టు, కళ్ళు మూసి నిద్ర నటించి పెట్టినట్టు. నాకు తెలుసమ్మా, రోజూ చూస్తున్నదేగా అన్నాను. తర్వాత హాల్లోకి వచ్చి, ఫోను పైన వేలాడే క్యాలెండరు అంచు మీద వాళ్ళు దిగే హోటలు నంబరు తన చేత్తో రాసింది. “ఎనీ ప్రాబ్లం, అక్కా” అని ఆ అంకెల కింద రెండు గీతలు గీసింది. రిక్షాలో కూర్చున్నాక బుజ్జిది మేడ వైపు చూసి చెయ్యి ఊపింది. నాకనుకుని నేనూ ఊపాను. అది ఊపింది జాడీకేమో.

మూడు రోజులు ఏమీ లేదు. ఎండలు అప్పటికే మండుతున్నాయి. నాలుగో రోజు పొద్దున మూత తీసేసరికి ముద్ద జాడీ మెడ దాకా పొంగి ఉంది. నడుమ నుంచి బుడగలు వస్తున్నాయి. ఒకటి పగులుతుంటే ఇంకొకటి. ఘాటైన పులిసిన వాసన. మా ఇళ్ళలో జాడీ పొంగిందంటే పచ్చడి పోయిందనే లెక్క. ఉప్పు చాలలేదు, లేదా తడి తగిలింది. ఆ రెండింటికి మించి కారణం మా అమ్మకీ తెలియదు, వాళ్ళమ్మకీ తెలియదు.

అత్తయ్యని కేకేస్తే మోకాళ్ళు పట్టుకుంటూ మేడెక్కి వచ్చారు. చూసీ చూడగానే, “అయిపోయింది. ఉప్పు చాల్లేదు. నే అప్పుడే అనుకున్నా, పచ్చడికి అంత బెల్లప్పాకం ఏందని. ఇయ్యాల కాచి పోపు పెట్టావా దక్కుద్ది, రేపటికి పారబోసుకోవటమే” అన్నారు.

“వాళ్ళనొక మాట అడిగితే?” అన్నాను.

“ఇంకేం అడుగుతావ్? కళ్ళ ముందు కనపడతంటే! హైదరాబాదు నుంచి ఆ పిల్లొచ్చి ఊదుద్దా?”

నిజమే కదా అనుకున్నాను. కిందికి దిగి వచ్చాను. పెద్ద మూకుడు పెట్టాను. జాడీలోదంతా అందులోకి దిమ్మరించి, రెండు గుప్పిళ్ళు ఉప్పు వేసి, అడుగంటకుండా గంటసేపు కలిపాను. బుడగలు కాసేపు ఎక్కువై, తర్వాత ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆవాలు, మెంతులు, చితక్కొట్టిన వెల్లుల్లి, ఇంత ఇంగువ వేసి నువ్వుల నూనెలో పోపు పెట్టి పైన పోశాను. చుయ్‌మంది. ఇల్లంతా ఘుమఘుమలాడింది. జాడీ కడిగి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ నింపి, తాడూ మిరపకాయలూ బొగ్గుముక్కా మళ్ళీ అలాగే కట్టాను. నూనె ఒక వేలు మందాన పైన తేలి నిలబడింది. మంచి పచ్చడికి ఉండాల్సినట్టే ఉంది. ఒక పెద్ద ఆపద గట్టెక్కించానని ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

వాళ్ళు వచ్చిన పూట సామాను కూడా లోపల పెట్టుకోకుండా బుజ్జిది మేడ మెట్లు రెండేసి ఎక్కింది. వెనకే తల్లి, వెనకే నేను. “పాడైపోతుంటే బాగుచేశాను” అని మెట్లెక్కుతూనే చెబుతున్నాను, చేతులు తిప్పుతూ. ఆమె మూత తీసింది. పైన నూనె, నూనెలో నల్లగా ఆవాలు. ఆమె మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఎంతసేపో కాదు. నేను గరిటె తెచ్చేంతసేపు. తర్వాత నా వైపు తిరిగి నవ్వి, రెండు చేతులూ జోడించి తల వంచి, “థ్యాంక్యూ, అక్కా” అంది.

బుజ్జిది వేలు ముంచింది. కళ్ళు మూసుకుని చప్పరించింది. మేం ఇద్దరం దాని నోటి వంక చూస్తున్నాం, ఇంకా అంటుందని. అది ఏమీ అనలేదు. ఆవగింజ ఒకటి నాలుక మీద నుంచి తీసి, దాన్ని చూసి, గౌను అంచుకి తుడుచుకుని గదిలోకి వెళ్ళిపోయింది. ఏడ్చి ఉంటే బాగుండేది. పండుమిర్చి పచ్చడి పెట్టినప్పుడు ఎంత ఏడ్చింది!

మర్నాడు మధ్యాహ్నం గూడ్సు బండి వెళ్ళింది. నేను కంచం పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. అది రాలేదు. పైకి వెళ్ళి బతిమాలాను. నా ఇడ్లీపిండి ముద్ద కూడా నోట పెట్టలేదు. అప్పటిదాకా నా ముద్ద తిన్నది అసలుది రాబోతోందన్న నమ్మకంతో అని నాకప్పుడు అర్థమైంది. పది రోజులకి పిల్లకి జ్వరం పట్టుకుంది. డాక్టరు నీరసం అన్నాడు, తిండి పెట్టమన్నాడు. వైశాఖంలో తల్లీపిల్లా వాళ్ళ దేశానికి వెళ్ళిపోయారు. ఇంజనీరు పని పూర్తయ్యేదాకా ఒక్కడే ఉండిపోయాడు.

వెళ్ళేరోజు ఆ అమ్మాయి ఒక చిన్న సీసా తెచ్చి, జాడీలోంచి కొంచెం పెట్టమని అడిగింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. నచ్చిందన్నమాట అనుకుని నిండా కూరాను, నూనె పైకి వచ్చేలా. అత్తయ్యతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. బుజ్జిదాన్ని ఎత్తుకుంటే ఒళ్ళు గాలిలా ఉంది. నా మణికట్టు పట్టుకుంది గానీ, గట్టిగా కాదు.

తర్వాత మూడు నెలలూ జాడీలో మిగిలినది మా ఇంట్లోనే తిన్నాం. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. అత్తయ్య కూడా వంక పెట్టలేదు.

శ్రావణంలో ఇంజనీరు ఇల్లు ఖాళీ చేసి తాళం ఇవ్వడానికి వచ్చాడు. మా ఆయన మిల్లులో ఉన్నారు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. ఆయన ఇంగ్లీషు నెమ్మదిగా, విడివిడిగా ఉంటుంది, నాకు అర్థమవుతుంది. బుజ్జిది బాగుందా అని అడిగాను. బాగుంది, అమ్మమ్మ దగ్గర ఉంది, లావైంది అన్నాడు. అప్పుడు నేను నోరు జారి అన్నాను, ఆ జాడీలో ఉప్పు కాస్త ముందే ఎక్కువ వేసుకుని ఉంటే పొంగేది కాదు, వచ్చేసారి మీ ఆవిడకి చెప్పండి అని. ఆయన కప్పు కింద పెట్టాడు. తర్వాత చెప్పాడు. పొంగాలట. బుడగలు రావాలట. అది పాడవడం కాదు, బతికి ఉండడం అట. వాళ్ళ అత్తగారింట్లో జాడీ మొదటిసారి పొంగిన రోజు ఇంటిల్లిపాదీ వెళ్ళి చూస్తారట. “మై వైఫ్ టోల్డ్ మీ, డోంట్ టెల్ అక్క” అన్నాడు. అక్కకి చెప్పొద్దు, అక్క ప్రేమతో చేసింది, అని.

ఆయన ముందున్న కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఆయన వెళ్ళాక అత్తయ్య లోపలి నుంచి, “ఏమంటన్నాడమ్మాయ్?” అని అడిగారు. “ఏం లేదత్తయ్యా, తాళం ఇచ్చాడు” అన్నాను. ఆవిడ పోయేదాకా ఆవిడకి చెప్పలేదు. తన మాట వల్ల జరిగిందని బాధపడతారని. అలా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇంజనీరు ఒక కాగితం మీద వాళ్ళ ఊరి చిరునామా రాసి ఇచ్చి వెళ్ళాడు. నేను ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. ఎన్నోసార్లు కూర్చున్నాను. ఆ అమ్మాయికి తెలుగు రాదు కదా, నాకు ఇంగ్లీషు రాయడం రాదు కదా అని లేచిపోయేదాన్ని. మా అబ్బాయి సెలవులకి వచ్చినప్పుడు వాడిచేత రాయించొచ్చు. వాడు ఆ మాటే అన్నాడు. అప్పుడు మాత్రం “నీ చదువు చూసుకో” అని కసిరాను.

మా అక్క కూతురికి రేపు ఫోన్ చేసి చెబుతాను. గింజలు తీసిన ఎండుమిర్చి ముద్ద, కొత్త బియ్యం జావ, బెల్లం, ఉప్పు, పులిసిన ఇడ్లీపిండి, వెచ్చటి చోట మూడు రోజులు. అసలుది కాదు గానీ ఆ పూటకి గడుస్తుంది. నువ్వెక్కడ నేర్చుకున్నావు పిన్నీ అని అడుగుతుంది. తెలియక ఒక జాడీ పాడుచేశాను అని నవ్వుతూ చెప్పొచ్చు. మా ఆయనకి అలాగే చెప్పాను. ఇన్నేళ్ళూ నాకు నేను కూడా అలాగే చెప్పుకున్నాను. తెలియదు, నిజమే. పొంగితే పోయినట్టే అని నేను నమ్మాను, అదీ నిజమే.

కానీ ఆ నాలుగో రోజు పొద్దున మేడ దిగి వస్తూ నేను ఒక్క క్షణం ఆగాను. ఇంకొక నెలకి ఆ ముద్ద తయారైతే మధ్యాహ్నం పూట నా మెట్ల మీదికి ఎవరూ రారు, గూడ్సు పెట్టెలు ఎవరూ లెక్కపెట్టరు అన్న ఆలోచన అప్పుడు నా లోపల ఉంది. దాన్ని నేను చూశాను. చూసి, చూడనట్టు నడిచాను. ఫోను హాల్లోనే ఉంది. దాని పైనే క్యాలెండరు, క్యాలెండరు అంచున ఆమె చేత్తో రాసిన నంబరు, కింద రెండు గీతలు. పోపుకి ఆవాలు తీయడానికి వంటింట్లోకి వెళ్తూ నేను దాని ముందు నుంచే వెళ్ళాను.